చెయ్యి అడ్డం

మర్రిపూడి హైస్కూల్లో, తొమ్మిదో తరగతి గదిలో
ఆడపిల్లలకు మూడు రోజుల శిక్షణ.
ఒంగోలు నుంచి నేను మోసుకొచ్చినవి:
పన్నెండు చార్టులు, రెండు డబ్బాల స్కెచ్ పెన్నులు,
చేతిలో ఇమిడే అద్దం ఒకటి,
ఎవరో రాసిచ్చిన ఆత్మవిశ్వాసం, ముప్పై రెండు పేజీలు.

మొదటి గంటలోనే గమనించాను.
ఈ పిల్లలు నవ్వరని కాదు,
నవ్వు కంటే ముందు చెయ్యొస్తుంది.
తలుపు తెరిచేలోపే గొళ్ళెం పడ్డట్టు
అరచెయ్యి వచ్చి పెదాల మీద వాలుతుంది.
వేళ్ళ సందుల్లోంచి కనిపిస్తుంది
బోరు నీళ్ళు పళ్ళ మీద గీసిన గోధుమరంగు చార.
ఇక్కడ పుట్టినవాళ్ళ ఊరిపేరు
నోట్లోనే రాసి ఉంటుంది, అడగక్కర్లేదు.

"మీలో మీకు నచ్చిందేదో చెప్పండి" అన్నాను
పుస్తకంలో ఉన్నట్టే.
ఎస్తేరు తన చేతిరాత అంది, నేలకేసి చూస్తూ.
మస్తాన్‌బీ, "మా మేక నేను పిలిస్తేనే వస్తది" అంది.
"అది మేక గొప్ప గదా" అని వెనక నుంచి ఎవరో.
గది నిండా నవ్వు,
నవ్వు మీద ముప్పై ఎనిమిది చేతులు.

అద్దం చేతులు మారింది.
ఒక్కొక్కరే తీసుకుని, బోర్లించి,
వేడి గిన్నె అందించినట్టు పక్కమ్మాయికిచ్చారు.
చివరి బెంచీలో మాలకొండమ్మ మాత్రం
అద్దం తిప్పి నాకేసి పట్టుకుంది.
"మీ పళ్ళు తెల్లంగుండాయి గదా మేడం,
మీరు ఎన్నైనా చెప్తారు.
యావూరు మీది?"

"ఒంగోలు" అన్నాను.
అబద్ధం కాదు. ఉద్యోగం ఒంగోలు, అద్దె ఇల్లు ఒంగోలు,
ముందరి ఆరు పళ్ళకు తొడుగులేసిన డాక్టరుదీ ఒంగోలే.
నాలుక మాత్రం తొడుగుల వెనక్కి వెళ్ళి
పొదిలి అవతల మా ఊరి బోరింగును
ఒకసారి తడిమి వచ్చింది.

రెండో రోజు చార్టులు గోడకే వేలాడాయి.
మధ్యాహ్నం కోడిగుడ్లు ఒలుచుకుంటూ
ఎవరో ట్యాంకరు సంగతి ఎత్తారు.
అందరికీ తెలిసిన కథే, నాకు తప్ప.
పోయిన ఎండాకాలం
సగం వీధికి నీళ్ళు పోసి ట్యాంకరు కదలబోతుంటే
మాలకొండమ్మ చక్రం ముందు నిలబడింది.

"హారన్ కొట్టాడు. కొట్టుకోమన్నా.
పక్కకు జరగమన్నాడు.
కాయితంలో మా వీధి పేరుందో లేదో చదవమన్నా.
చదవడం రాదన్నాడు.
ఇటియ్యి, నేను చదువుతానన్నా.
ఊరంతా ఇనేట్టు చదివినా."

నా ముప్పై రెండు పేజీల్లో ఎక్కడా ట్యాంకరు లేదు.
"అప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నావా?"
ఇదేం ప్రశ్నన్నట్టు చూసింది.
"ఒక చేతిలో కాయితం, ఒక చేతిలో బిందె,
ఇంకో చెయ్యి యాడుంది మేడం?"

ఈసారి నవ్వు ముందొచ్చింది,
చేతులు ఆలస్యమయ్యాయి.
కొన్ని సగం దాకా లేచి ఆగిపోయాయి.
కొన్ని ఎప్పటిలాగే మూసుకున్నాయి,
ఎస్తేరువైతే రెండూ.

ఆ తర్వాత నేనేం నేర్పలేదు.
ట్యాంకరాట ఆడాం.
కుర్చీ ట్యాంకరు, నేను డ్రైవర్ని,
ఒక్కొక్కరే వచ్చి నన్ను ఆపాలి.
మస్తాన్‌బీ గొంతు పెగలక మూడుసార్లు వెనక్కెళ్ళింది.
నాలుగోసారి తిట్టింది. మంచి తిట్టే.
హెడ్మాస్టరు వరండాలోంచి తొంగి చూసి వెళ్ళారు.

మూడో రోజు సాయంత్రం ఫారం నింపాలి.
"ఆత్మవిశ్వాసం ఎంత శాతం పెరిగినది?"
గడి చిన్నది. ఖాళీగా వదిలేశాను.

మాలకొండమ్మ రోడ్డు దాకా నా సంచి మోసింది.
బస్సు కోసం చూస్తూ చూస్తూ చెప్పాను:
"మా ఊరు ఇక్కడికి ఎంతో దూరం లేదు.
ఇవి తొడుగులు."
పళ్ళు చూసి మేక వయసు కట్టేవాళ్ళలా
దగ్గరకొచ్చి నా నోట్లోకి తేరిపార చూసింది.
"నొప్పెట్టిందా?"
"అరగదీశారు. పెట్టింది."
"ఎంతయింది?"
చెప్పాను.
వేళ్ళ మీద లెక్కేసుకుంది.
"మా వీధికి రెండు నెలల ట్యాంకరు" అంది.
తప్పు పట్టలేదు, లెక్క చెప్పింది, అంతే.

బస్సు వచ్చింది. ఆగేట్టు లేదు.
మాలకొండమ్మ సంచి కింద పెట్టి
రోడ్డు మధ్యకు నడిచి
చెయ్యి అడ్డం పెట్టింది.