చీరకట్టు కింద

తొమ్మిదో రోజు జ్వరం.
మలేరియా కాదు, డెంగీ కాదు. టైఫాయిడ్ అనుకుని
భాకరాపేటలో ఎక్కించిన సెలైన్లు ఆరు.
చీటీలన్నీ కొంగున ముడేసుకుని వచ్చింది గెంగులమ్మ.

తిరుపతి పెద్దాసుపత్రి. నేలమీద పరుపు.
మేం ముగ్గురం మగ డాక్టర్లం
కళ్లు చూశాం, నాలుక చూశాం, పొట్ట నొక్కాం
చీర మీంచే.
కేస్ షీటులో నేనే రాశాను:
చర్మం మామూలే.

రాత్రి రెండింటికి ఎస్తేరు సిస్టర్
తెర లాగి లోపలికెళ్లింది.
బయట నేను, గోడకేసి చూస్తూ.
"జరం రాకముందు యాడికి పోయుంటివమ్మా?"
"యాడికి పోతా తల్లీ, బోద కోతకే. కొండకింద."
"ఈడ కాలిందా నీకు?"
"ఈడా? ఈడేముంది?"

ఉంది.
చీరకట్టు బిగిసే చోట, నడుము మడతలో
బీడీతో చురక పెట్టినట్టు నల్లటి పెచ్చు,
చుట్టూ ఎర్రంచు.
నొప్పి లేదు, దురద లేదు,
ఆమెకే తెలీదు.
ఆవగింజను పది ముక్కలు చేస్తే
అందులో ఒక ముక్కంత పురుగు,
బిగువు దొరికిన చోట ఆగింది, కొరికింది,
ఎప్పుడో రాలిపోయింది.

ఎలీసా రిపోర్టుకి రెండు రోజులన్నారు ల్యాబులో.
సిస్టర్ ఏమీ అనలేదు,
నా వంక చూసిందంతే.
డాక్సీ మాత్ర రాశాను.
కూర్చోబెట్టి, నిండు గ్లాసు నీళ్లతో
తనే మింగించింది.

మూడోనాడు పొద్దున ఒళ్లు చల్లబడి
గెంగులమ్మ సంగటి అడిగింది,
తరవాత కొడవలి యాడుందని అడిగింది.
రిపోర్టు మధ్యాహ్నం వచ్చింది,
అప్పటికి ఆమె తల దువ్వుకుంటోంది.

పక్క పరుపు మీద ఇంకెవరో.
ఏడో రోజు జ్వరం. కొంగు మెడదాకా కప్పుకుని.

తెర ఎక్కడ సిస్టర్, అన్నాను.