నాలుగు బై తొమ్మిది

బ్రాడీపేటలో ఇంటికి పేరక్కర్లేదు.
నాలుగో లైను, తొమ్మిదో అడ్డరోడ్డు.
నాలుగు బై తొమ్మిది అంటే చాలు,
ఆటో వచ్చి అక్కడే ఆగుతుంది.

అయినా ఎవరూ అలా అడగరు.
"కుట్టుమిషన్ల బాజీ కొట్టెక్కడ?" అంటారు.

ఆ బాజీ మాష్టారే ఇవాళ పొద్దున్నే
నూనె వేళ్ళతో ఫోను పట్టుకుని
నా టేబుల్ ముందు కూలబడ్డాడు.
"అమ్మాయ్, నువ్వు పెట్టిన సైటు
నాకేమో కొత్తది కనపడుతోంది,
తెనాలిలో మా మరదలికి పాతదే.
ఇద్దరిలో ఎవరి కళ్ళకి జబ్బు?"

కళ్ళకి కాదు మాష్టారూ, జ్ఞాపకానికి.

మీ పేరు కొట్టగానే ఫోను మీ దగ్గరికి రాదు.
పేరుతో దానికి దారి తెలీదు.
నాలుగు అంకెలు కావాలి, మధ్య మూడు చుక్కలు:
రెండొందల మూడు, సున్నా, నూట పదమూడు, తొమ్మిది.
అందుకని ఒక కుర్రాణ్ణి పంపుతుంది.
వాడు ఊరికి కొత్త. బస్టాండులో దిగి
"బాజీమిషన్స్ డాట్ ఇన్ ఎక్కడండీ?" అంటాడు.

అక్కడ పేరుని తోకవైపు నుంచి చదువుతారు.
తోక చివర మనమెవరం రాయని చుక్క ఒకటుంది.
ఆ చుక్క దగ్గర కూర్చున్నాయన
"బాజీ ఎవరో నాకు తెలీదు,
'ఇన్' వాళ్ళ ఆఫీసు అదిగో, అక్కడడుగు" అంటాడు.
'ఇన్' వాళ్ళు
"మాకూ తెలీదు, అతని చిట్టా ఫలానా వారి దగ్గరుంటుంది" అంటారు.
ఆ ఫలానా వారు చిట్టా తిప్పి అంకెలు చదువుతారు.

తెలీదన్నవాళ్ళెవరూ విసుక్కోరు.
తెలీదని ఊరుకోరు కూడా.
ఇదంతా మీరు రెప్పవేసి తీసేలోపు.

"మరి తెనాలి?"

తెనాలి కుర్రాడు నిన్న సాయంత్రమే వచ్చి వెళ్ళాడు.
అంకెలు అరచేతిలో రాసుకున్నాడు.
ఈ రాత ఒకరోజు చెల్లుతుందని
చిట్టాలో రాసింది నేనే.
మీ సైటుని వేరే కంప్యూటర్లోకి మార్చిందేమో రాత్రి.
వాడు చెయ్యి కడుక్కునేదాకా
మీ మరదల్ని పాత గుమ్మంలోనే దింపుతుంటాడు.

మాష్టారు నవ్వలేదు.
"నాలుగు బై తొమ్మిది ఖాళీ చేసి పద్నాలుగు నెలలు.
రెండు బై పదహారుకి మారానని
షటరు మీద సుద్దతో రాశా, వాన తుడిచింది.
పెయింటుతో రాశా,
సెల్‌ఫోన్ల కుర్రాడు దిగి మీద రంగేయించాడు.
ఇప్పటికీ సత్తెనపల్లి నుంచి ఒకావిడ
మిషన్ తల ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కి
ఆ షటరు ముందుకే వస్తుంది.
పక్కన గోలీసోడా కోటమ్మ
నీళ్ళిచ్చి, చెయ్యి చూపించి, నా దగ్గరికి పంపిస్తుంది.
మీ దాంట్లో కోటమ్మ ఎవరు?"

నేను కీబోర్డు మీద దుమ్ము ఊదాను.

"పోనీ, ఆ అంకెలే అందరికీ ఇచ్చేస్తే?"
ఆ అంకెల్లో మీరొక్కరే లేరు మాష్టారూ.
అదొక కాంప్లెక్సు. నలభై కొట్లు.
గుమ్మం దాకా అంకె తీసుకొస్తుంది,
లోపలికెళ్ళాక మళ్ళీ పేరే చెప్పాలి.

ఆ మాటకి మనిషి కాస్త తేరుకున్నాడు.
"అయితే పేరు మాత్రం నాదేగా?"

ఎలా చెప్పను?
ఏడాదికింతని కట్టాలి.
కట్టడం మర్చిపోతే కొన్నాళ్ళు ఆగి
ఎవరడిగితే వాళ్ళకిస్తారు.

"కొట్టూ అద్దే, పేరూ అద్దే"
అని జేబులోంచి నోట్లు తీశాడు.
మిషన్ నూనె వాసన.
మూడేళ్ళకి కట్టమన్నాడు, రెండుసార్లు లెక్కపెట్టి.

బిల్లు పుస్తకం తెరిచాను.
అడ్రస్ చెప్పండి మాష్టారూ.

"నాలుగు బై తొమ్మిది" అన్నాడు
తడుముకోకుండా.