ఒకటిన్నర చుట్టు

పొదిలి ఇంకా రెండు మైళ్ళుందనగా
రాజ్‌దూత్ దగ్గింది, ఆగింది.
వెనక క్యారియర్ మీద నైట్రోజన్ క్యాను,
ఆ పొగలుగక్కే చలిలో ఒంగోలు గిత్తల విత్తనం.
ఉప్పలపాడులో ఎదకొచ్చిన ఆవు
తెల్లారుజామునుంచి అరుస్తా ఉందంట.
నాకోసం కాదు గానీ,
నేను పోకపోతే మళ్ళీ ఇరవయ్యొక్క రోజులు.

తోసుకుంటా పోయా.
కాలేషా కొట్టుకి బోర్డు లేదు,
నూనె తాగి నల్లబడ్డ నేలే బోర్డు.
"ఏం తాగించావురా మాలకొండా?"
"పెట్రోలే మామా, ఆయిలు కొలిచే కలిపా."
"పెట్రోలు సరే. దుమ్మెంత?"

కార్బురేటర్ గిన్నె విప్పి అరచేతిలో పెట్టాడు.
అడుగున బూడిదరంగు పొడి,
చీమకుర్తి రాళ్ళ లారీల వెనక
నెలంతా నేను మింగిందే అదీ మింగింది.
ఆ పొడి మీద ఒక్క నీటిబొట్టు
ఎవరితో కలవకుండా
పెళ్ళికొచ్చిన పగోడిలా ఓ మూల కూర్చోనుంది.
"ఇదే" అన్నాడు. "ఇంత బండిని ఆపింది ఇదే."

చిన్న జెట్టు తీసి ఆకాశానికి పట్టమన్నాడు.
వెంట్రుక దూరేంత బెజ్జం.
అవతల వెలుగు లేదు.
నేను జేబులో పిన్నీసు వెతుకుతుంటే చేతి మీద కొట్టాడు.
"ఇనప సూది పెట్టమాక.
బెజ్జం పెద్దదైతే దాని ఆకలీ పెద్దదవుద్ది,
నీకొచ్చే డబ్బులు దాని తాగుడికే చాలవు. ఊదు."
ఊదా. పెదాల మీద పెట్రోలు మంట.
మూడోసారికి నూకగింజంత పగలు కనపడింది.

నా పనీ ఇంతేగా.
సన్న గొట్టం, గోరువెచ్చని నీళ్ళు, అర నిమిషం.
తొందరపడ్డానా,
పోయేది ఇంకా పుట్టని దూడ.

ప్లగ్గు తుడుస్తా చెప్పుకుపోతున్నాడు,
నాకో, ప్లగ్గుకో:
"మసి పట్టిందంటే ఎక్కువ తాగుతున్నట్టు,
తెల్లగా పాలిపోతే పస్తున్నట్టు,
కాఫీ రంగుంటే నిశ్చింత.
దిగే ముందు కాక్ మూసెయ్,
గిన్నెలో మిగిలింది తాగి దానంతటదే ఆగనీ.
మలుపు రాకముందే రేసు వదులు.
ఇసకలో ముందు బ్రేకు పట్టావా, పళ్ళు ఏరుకుంటావ్.
గుంటని చూడమాక,
చూపు ఎటు పోతే చక్రం అటే పోద్ది.
ఇది మొండెద్దు కాదురా, ముసలెద్దు.
ముల్లుగర్ర వద్దు దీనికి."

అన్నీ బిగించాడు. నాలుగో కిక్కుకి లేచింది.
గాలి స్క్రూ లోపలికి, మెత్తగా, ఆగేదాకా.
ఆడ్నించి వెనక్కి ఒకటిన్నర చుట్టు.
"ఇంతవరకే లెక్క. ఆపైన చెవి చెప్పుద్ది."

అని,
ఇంజన్ వైపు కాదు, నా మొహం వైపు చూశాడు.
"ఎట్టుంది?"
"బానే ఉంది మామా."
"బానే అంటే?"
ఎడమ చెయ్యి ట్యాంకు మీదే పెట్టి
అరిగిన చైను సంగతి చెప్పినంత మామూలుగా చెప్పాడు:
"నాకు వినపట్టంలా. రెండేళ్ళవుద్ది.
మాటలు పెదాలు చూసి పడతా. దీనికి పెదాల్లేవు."

ఎప్పుడొచ్చినా 'ఎట్టుంది' అనేవాడు.
మర్యాదకి అడిగే మాటనుకునేవాణ్ణి.

ఇక వెతుక్కోవాల్సొచ్చింది.
"గొంతులో గళ్ళ అడ్డం పడ్డట్టుంది."
పావు చుట్టు బయటికి తిప్పాడు.
"ఇప్పుడు... ఖాళీ కడుపుతో పరిగెత్తినట్టు."
గోరంత లోపలికి.
"ఇప్పుడు, మామా,
మధ్యాన్నం కానుగ నీడలో పడుకోని
గిత్త నెమరేస్తున్నట్టు."
"మధ్యలో గుటక పడతందా?"
"పడతంది."
"పడాల" అని స్క్రూడ్రైవరు తీశాడు.

నలభై రూపాయలిస్తే పదిహేను వెనక్కిచ్చాడు,
ఎందుకో చెప్పలా.

ఉప్పలపాడు చేరేసరికి అరుపు లేదు.
ఆలస్యమయిందో, అదనుకే వచ్చానో
చెయ్యేసి చూస్తే గానీ తెలీదు.
కాక్ మూశా.
గిన్నెలో మిగిలిన కాసిని తాగేదాకా
బండి అట్టాగే నెమరేస్తా నిలబడింది.
కొట్టంలోంచి ఆవు
చెవులు ఇటు తిప్పింది.