పదహారో నంబరు కాలరు

హసావిలో రొట్టెల బట్టీ పక్క సందు, మా లాండ్రీ.
రోజుకి నూట ఇరవై దిష్‌దాషాలు.
గంజి పెట్టి రుద్దితే
లోపల మనిషి లేకున్నా నిలబడగలవు.

శుక్రవారం మధ్యాహ్నం మటుకు
నా సొంతానికి ఒక చొక్కా.
సొంతానికంటే తొడుక్కోడానికి కాదు.
మార్చురీలో ఉన్నవాడికి.

మొదటివాడు రాయచోటి కుర్రాడు, సారవ మీంచి జారాడు.
సిమెంటు మరకల యూనిఫారంతోనే పెట్టెలో పెట్టి పంపారు.
పెట్టె తెరిచాక వాళ్ళమ్మ అందట:
"ఇస్త్రీ లేని గుడ్డతో నా కొడుకు గడప దాటేవాడు కాడే."
ఎవరో ఫోనులో విని, నాకు చెప్పారు.
చెప్పకుండా ఉండాల్సింది.
ఇస్త్రీవాడికి ఆ మాట చెబితే
ఇంకేం మిగుల్తుంది వాడి శుక్రవారంలో?

అప్పట్నించి నలభై రెండు చొక్కాలు.
కొలత ఎవరూ చెప్పరు. పాస్‌పోర్టు ఫోటోలో
మెడ చూసి అంచనా వేస్తాను.

నేలమాళిగ హాల్లో ఆరాధన అయ్యాక
అయ్యగారు నన్ను నిలబెట్టారు.
"మన జెకర్యా బ్రదర్ త్యాగం చూడండి" అన్నారు.
హల్లెలూయా అన్నారంతా.
నేను నా చెప్పులు చూసుకున్నాను.

చొక్కా రెండు దినార్లు, పాత బజారు బేరం.
బస్సు పావు. ఓవర్‌టైం పోయినందుకు మూడు.
పద్దు రాసుకునేవాణ్ణి త్యాగి అనొచ్చా అయ్యగారూ?
అరచేతిలో ఈ కాలిన మచ్చలా?
అవి దహనబలి కాదు, తొందరపాటు.

పద్దులో రాయనిది ఒకటుంది.

నరసాపురం అవతల, తుఫాను షెల్టరు మెట్ల మీద,
సిగ్నలు అందేది అక్కడే,
సాయంత్రం అయిదింటికి మా హెప్సిబా కూర్చుంటుంది.
మిగతా రోజుల్లో నా పని ముగిసేసరికి
దానికి అర్ధరాత్రి దాటుతుంది.
శుక్రవారం ఒక్కటే మా ఇద్దరిదీ.
దాన్ని నేనొక్కణ్ణే ఇచ్చేశాను.

రెండు కాసులు వేసిన విధవరాలి మీద
ఆ వారమే ప్రసంగం.
నాకో పాడు ఆలోచన వచ్చింది:
ఆమెకి ఇంట్లో పిల్ల ఉందా?
ఆ రాత్రి కుండలో పిండి ఉందా?
గ్రంథంలో రాయలేదు.
కానుకపెట్టెలో చప్పుడు చేసింది కాసులే,
ఆకలి కాదు.

మొన్న మా ఆవిడ చెప్పింది,
గురువారం రాత్రి మోకాళ్ళేసి ఇది ఏమంటుందో:
"ప్రభువా, రేపు కువైట్‌లో
మనోళ్ళెవరూ చచ్చిపోకుండా చూడు,
మా నాన్న ఫోను చెయ్యాలి."

నవ్వబోయాను. గొంతులో ఆగింది.

నలభై రెండుసార్లు ప్రార్థించాను నేను,
వాళ్ళ ఆత్మల కోసం, ఇంటివాళ్ళ ఓదార్పు కోసం.
ఒక్కసారీ అడగలేదు, చావకుండా చూడమని.
పైగా నా మంచం కింద పెట్టెలో
కొత్త చొక్కాలు మూడున్నాయి,
చవగ్గా వచ్చాయని
ముందే కొని దాచినవి.

పిల్ల అడిగింది ప్రార్థన.
నాది సరుకు లెక్క.

అయినా ఈ శుక్రవారమూ కబురొచ్చింది.
హాంగరు బస్సు కడ్డీకి తగిలించి
మడత పడకుండా నిలబడే వెళుతున్నాను.
జేబులో ఫోను మోగింది. దాని మిస్డ్ కాల్.
ఎప్పుడూ చూసీ చూడనట్టు ఊరుకునేవాణ్ణి.
ఇవాళ, ఎందుకో,
ఖాళీ సీటు చూసుకుని కూర్చున్నాను,
చొక్కా ఒళ్ళో పెట్టుకుని తిరిగి చేశాను.

"ఎవరు నాన్నా ఇవాళ?"
"పేరు సరిగ్గా రాయలేదమ్మా. కాలరు పదహారు."
కాసేపు అటునించి సముద్రపు గాలి.
"నీదీ పదహారే కదా."

స్టాపు వచ్చింది, దాటిపోయింది.
మాట్లాడుతూనే ఉన్నాం,
బడి గురించి, పొదిగిన కోడి గురించి,
దానికి ఊడిన పన్ను గురించి.
దిగి వెనక్కి నడిచాను, ఆ ఎండలో.

చొక్కా మోచేతి దగ్గర
ఒక మడత పడింది.
మార్చురీ గుమ్మంలో అరచేత్తో రుద్ది చూశాను.
పోలేదు.