మాలకొండయ్య కొత్త పిల్లోడికి చెప్పింది

గ్లాసు నిలబెట్టి పొయ్యమాక అబ్బయా,
పక్కకి వంచు.
చంటిబిడ్డకి ఉగ్గు పట్టినట్టు
గోడెంబడి జారనీ.
సగం నిండాక మెల్లగా నిలబెట్టు.
నురగ రెండు వేళ్ల మందం.
మూడైతే కోప్పడతారు,
ఒకటైతే నీకు పని రాదంటారు.

సబ్బుతో తోమిన గ్లాసులో నురగ చచ్చిపోద్ది.
ఉప్పేసి రుద్దు.

లైటు బీరు చేతికి చురుక్కుమనాల.
నల్లబీరుకి అంత చలి పనికిరాదు,
కాసేపు బల్లమీద కూర్చోనిచ్చి మూత తియ్యి,
మాడీ మాడని కాఫీగింజ వాసనొస్తాది.
బెంగుళూరు నుంచి దిగిన పిలకాయలు
గోధుమ బీరడిగితే
అడుగున మడ్డి పారబొయ్యమాక,
దాని రుచంతా ఆ మబ్బులోనే.

ఐసా? చెరువుల కాడ్నించి వచ్చినోళ్లు అడగతారు.
ఐసు రొయ్యకి గాని బీరుకి కాదని చెప్పు,
నవ్వతా చెప్పు.

మా నాయన తాటికల్లు
చీమల్ని ఊది, ఎత్తునుంచి
ఆకుదొప్పలోకి వంచేవోడు. ఒక్క చుక్క నేలపాలయ్యేది కాదు.
నేను తాగను.
చెయ్యి మాత్రం ఆయనదే వచ్చింది.

ఇప్పుడా మూలబల్ల చూడు.
కండవా నిండా పొగాకు ధూళి.
పొద్దున కందుకూరు వేలంలో
ఆయన బేళ్లకి నోబిడ్ పడింది, రెండోసారి.
స్ట్రాంగ్ అడిగాడు, గ్లాసొద్దన్నాడు.
అయినా తీసకపో.
ఎంత నిదానంగా పోస్తే అంతసేపు
పక్కన ఒక మనిషి నిలబడినట్టు.

నురగ దిగేదాకా కదలమాక.
శనక్కాయలు నేను తెస్తా.