నాలుగు వారాల ప్రశ్న

గత నాలుగు వారాల్లో పని వెతికారా?
రోజుకు ముప్పై గుమ్మాల్లో అడుగుతాను.
ఈ చలికి ప్రశ్న కూడా
నోట్లోంచి పొగలా వస్తుంది.

ఆండ్రోస్కాగిన్ ఒడ్డున కాగితం మిల్లు మూతపడ్డాక
నదికి కంపు పోయింది,
మిగిలిన లాభం అదొక్కటే అంటాడు మంగలి ఆర్విల్.
అతని కుర్చీలో ముసలి తిబడో
సబ్బు నురగలోంచే తీర్పు చెబుతాడు:
"ఈ కాలం కుర్రాళ్ళకు ఒళ్ళు వంగదు."

ఒళ్ళు వంగని రెమీని నిన్ననే చూశాను.
గిడ్డంగిలో పెట్టెలెత్తి వెన్నుపూస జారింది.
బూటు లేసు
చెల్లెలి చేత కట్టించుకుంటున్నాడు.
"మిల్లు అమ్ముతామన్న రోజు
చేతులెత్తింది ఆ ముసలాళ్ళే కదా!" అన్నాడు
ఆ ముడికేసి చూస్తూ.

పక్క వీధిలో రొవేనా, "వెతకలేదు" అంది.
లోపల్నుంచి తల్లి పిలుస్తూనే ఉంది,
ప్రతిసారీ వేరే పేరుతో.
ఆవిడ దగ్గర మనిషిని పెడితే గంటకు ఇవ్వాల్సింది
తనకు గంటకు వచ్చేదానికంటే
రెండు డాలర్లు ఎక్కువట.
నా ఫారంలో దీనికో గడి ఉంది:
ఇతరములు.

రాత్రి భోజనాల దగ్గర
మా నాన్న మా అబ్బాయిని అంటాడు,
వాడు ఆయన్ని అంటాడు.
మధ్యలో బంగాళదుంపల గిన్నె చల్లారిపోతుంది.
నేను ఎవరి వైపూ మాట్లాడను.
తలుపులు తట్టీ తట్టీ
వేలి కణుపులు సలుపుతున్నాయి.

వచ్చే నెలతో నా కాంట్రాక్టు అయిపోతుంది.
అప్పుడు ఎవరో మా గుమ్మంలో నిలబడి
ఇదే అడుగుతారు.
లోపలికి పిలిచి కాఫీ ఇస్తాను ముందు.
ఇక్కడ చాలామంది ఇవ్వరు.