చేబదులు

పన్నెండో రోజు భోజనాలైన మర్నాడు
బార్న్‌స్లీ సూపర్‌మార్కెట్లో, గల్లాపెట్టె దగ్గర,
కొత్తిమీర కట్ట, పెరుగు డబ్బా, నాన్న పటానికని తీసిన చామంతులు
బెల్టు మీదే వదిలేసి
అమ్మ బయటికి నడిచొచ్చేసింది.
కార్డు చెల్లదంది మిషను.
వెనక వరుసలో నాన్న పాత పేషెంట్లు ఇద్దరున్నారట.
ఈ సంగతి నాతో అనడానికి
ఆవిడకి మూడు వారాలు పట్టింది. అదీ
అప్పడాలు వేయిస్తూ, నా వైపు తిరక్కుండా.

కార్డు మీద పేరు అమ్మదే. ఖాతా నాన్నది.
మనిషితో పాటు ఖాతా పోతుంది,
దాని కొసన వేలాడిన పేరు కూడా.
ఇరవై ఏళ్ళు వాడిన కార్డు
ఒక్కరోజూ ఆవిడది కాదని
గ్లాస్గో యాస కుర్రాడు ఫోన్లో ఎంతో మర్యాదగా చెప్పాడు.
మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి
మీ బాధకి చింతిస్తున్నామన్నాడు.

శనివారం ఇద్దరం లాప్‌టాప్ ముందు కూర్చున్నాం.
పేరు: చిలుకూరి భ్రమరాంబ.
గడిలో పట్టింది, వీళ్ళ నోట్లోనే పట్టదు.
వృత్తి?
"మీ నాన్న క్లినిక్కులో పన్నెండేళ్ళు ఫోన్లెత్తాను, అది రాయి."
జీతమెంతో రాయమంది తర్వాతి గడి.
ఇద్దరం నవ్వాం. నేను ముందు ఆపాను.

జవాబు నిమిషంలో వచ్చింది:
మీ గురించి మాకు తగినంత తెలియదు.

తెలియదట!
డెబ్భై నాలుగులో, చీర మీద మగవాళ్ళ కోటు తొడుక్కుని
ఈ బొగ్గు ఊళ్ళో దిగిన మనిషి.
గనుల సమ్మె ఏడాది
వెనక గుమ్మంలోంచి పిల్లలకి పులిహోర పెట్టిన మనిషి.
పచ్చగా ఉందని భయపడుతూనే తిన్నారు, మళ్ళీ వచ్చారు.
ఎవరికీ ఒక్క పెన్నీ బాకీ లేదు.
అదే వచ్చిన చిక్కు.
అప్పు చెయ్యని మనిషికి ఇక్కడ అడుగుజాడ పడదు.

"బెరిల్‌ని అడగమను," అంది అమ్మ.

పక్కింటి బెరిల్‌కి తొంభై.
నలభై ఏళ్ళుగా ఆ గోడ మీంచి చేబదుళ్ళు:
గ్లాసుడు పాలు, మూడు గుడ్లు, ఇస్త్రీపెట్టె,
తమ్ముడు పుట్టిన రాత్రి నేను.
తెల్లారాక నన్ను తిరిగిచ్చేసింది, తల దువ్వి.
గిన్నె ఇటు నుంచీ అటు నుంచీ
ఎప్పుడూ ఖాళీగా పోలేదు.
ఎవరూ రాసుకోలేదు.
ఇప్పుడు ఎవరు ఎవరికి బాకీయో
ఇద్దరిలో ఎవరికీ తెలీదు.
బెరిల్‌ని ఎవరూ అడగలేదు.

మూడో బ్యాంకు ఒప్పుకుంది,
పెన్షన్ పడే బ్యాంకే. ముందే అక్కడికి వెళ్ళాల్సింది, నాకు తట్టలేదు.
రెండువందల యాభై పౌండ్లు:
అంతవరకూ మా అమ్మని నమ్మొచ్చట.

కార్డు రాగానే వెనక్కి తిప్పి వెతికింది.
సంతకం ఎక్కడే?
ఇప్పటి కార్డులకి ఆ తెల్లపట్టీ ఉండదమ్మా.
అప్పటికే కరెంటు బిల్లు కవరు మీద
నాలుగుసార్లు తెలుగులో సంతకం చేసి చూసుకుంది.
కవరు మడిచి సొరుగులో పెట్టింది.

కొన్న సాయంత్రమే కట్టేస్తానంటుంది.
బిల్లు రానీ, కొంచెం బాకీ ఉంచితేనే మంచిదట, అన్నాను.
"ఎవరికి మంచిది? నాకు నిద్ర పట్టొద్దూ?"

నిన్న మళ్ళీ అదే గల్లాపెట్టె.
కొత్తిమీర, పెరుగు. చామంతులు లేవు, గులాబీలు తీసింది.
నాలుగంకెలు నొక్కాలి.
నాన్న అంకెలు ఇంటిల్లిపాదికీ తెలుసు, వాళ్ళ పెళ్ళి సంవత్సరం.
"నువ్వేం పెట్టావమ్మా?"
ఎడమ అరచెయ్యి మిషను మీద గొడుగులా పట్టి
"నువ్వటు తిరుగు," అంది.

తిరిగాను.